మోపిదేవి చెప్పే దేహతత్త్వం

'క్షేత్రం' అన్న మాటకు పెద్దలు మూడు అర్థాలు చెబుతారు. దైవం వెలసిన చోటు క్షేత్రం. దున్ని విత్తు చల్లే పొలం క్షేత్రం. భగవద్గీత పదమూడవ అధ్యాయంలో శ్రీకృష్ణ పరమాత్మ ఈ శరీరమే క్షేత్రమని, దానిని ఎరిగినవాడు క్షేత్రజ్ఞుడని అర్జునునికి బోధించాడు. పుణ్యస్థలం, పొలం, దేహం... ఈ మూడు క్షేత్రాలూ ఒక్కచోట కలిసే ఊరు ఏదంటే, కృష్ణా డెల్టా దిగువన, దివిసీమ ముంగిట ఉన్న మోపిదేవిని చూపించవచ్చు. అక్కడ వెలసిన స్వామి నాగరూపంలో ఉన్నాడు. గుడి చుట్టూ ఉన్నవి వరి పొలాలు. ఆ పొలాల గట్ల మీద ఉత్తకాళ్లతో నడిచే మనిషి దేహానికి, అదే నాగజాతికి మధ్య ఏటా ఒక ప్రాణసంకటం జరుగుతూనే ఉంటుంది.

మోపిదేవి శ్రీ వల్లీ దేవసేనా సమేత సుబ్రహ్మణ్యేశ్వరస్వామి సర్పపు చుట్టల మీద లింగాకృతిలో దర్శనమిస్తాడు. ఆ చుట్టలే స్వామికి పానవట్టం. కైలాసానికి వచ్చిన సనకాది మునులను చూసి నవ్విన బాలకుమారుడు, తల్లి మందలించగా ఆ దోషపరిహారం కోసం ఇక్కడ సర్పరూపంలో తపస్సు చేశాడని స్థలపురాణం. వింధ్యను అణచి దక్షిణానికి వచ్చిన అగస్త్యుడు లోపాముద్రా సమేతుడై ఈ తావుకు చేరుకున్నప్పుడు పామూ ముంగిసా వైరం మరచి ఆడుకుంటున్న దృశ్యం కనిపించిందట. చాలాకాలం మరుగునపడిన ఈ దివ్యపురుషుని తిరిగి లోకానికి చూపించినవాడు వీరారపు పర్వతాలు అనే కుమ్మరి భక్తుడని చెబుతారు. ఈ మండలంలోనే ఉన్న పెదకళ్లేపల్లిలో దుర్గానాగేశ్వరస్వామి ఆలయం ఉంది. అక్కడ కర్కోటకుడు తపస్సు చేశాడని ప్రతీతి. కృష్ణమ్మ సాగరంలో కలిసే ఈ చివరి నేల అంతా నాగభూమి అని పూర్వులు భావించడంలో ఆశ్చర్యం లేదు.

సంతానం కోసం, వివాహం కోసం ఇక్కడికి వచ్చేవారు ఎందరో. అయితే మోపిదేవి మొక్కులలో మరొక విశేషం ఉంది. చూపు మందగించినవారు, వినికిడి తగ్గినవారు, చర్మవ్యాధులతో బాధపడేవారు స్వామిని సేవిస్తే స్వస్థులవుతారని భక్తుల విశ్వాసం. కన్ను, చెవి, చర్మం... ఈ మూడే ఎందుకు? పామును గమనించినవారికి ఒక సమాధానం తోస్తుంది. పాముకు కనురెప్పలు లేవు, కనుక దాని కన్ను ఎన్నడూ మూతపడదు. బయటికి కనిపించే చెవి లేదు. దవడ ఎముకతో నేల అదురును పట్టుకుంటుంది. అందుకే మన కవులు దానిని 'చక్షుశ్శ్రవం', అంటే కంటితో వినేది అన్నారు. ఇక చర్మాన్ని అది కుబుసంగా విడిచి కొత్త మేనితో బయటికి వస్తుంది. మనిషి ఏ మూడు ఇంద్రియాల విషయంలో కలవరపడతాడో, ఆ మూడింటిలోనూ పాము మనిషికి భిన్నమైనది. శాస్త్రప్రమాణం చూపలేను గానీ, మొక్కు వెనుక ఉన్నది ఈ పరిశీలనేనని నాకు అనిపిస్తుంది.

ఆ శ్రావణ మాసం

2018వ సంవత్సరం వర్షాకాలంలో దివిసీమలో పాముకాట్లు అసాధారణంగా పెరిగాయి. వానలకు, వరదకు బొరియలు మునిగి పాములు గట్ల మీదికి, ఇళ్లలోకి వచ్చాయి. నాట్ల పనుల్లో ఉన్న రైతులు, కూలీలు వరుసగా అవనిగడ్డ ఆసుపత్రికి చేరారు. బాధితుల సంఖ్య వంద దాటిందని పత్రికలు రాశాయి. ప్రజల్లో భయం ప్రబలడంతో ఆగస్టు నెలాఖరున మోపిదేవి సన్నిధిలో ప్రభుత్వపక్షాన సర్పశాంతి యాగం జరిపించారు. విషానికి విరుగుడు మందును ఆసుపత్రులకు తెప్పించారు. యాగాన్ని హేతువాదులు తప్పుపట్టారు; భక్తులు సమర్థించారు. ఆ వాదంలోకి వెళ్లడం ఇక్కడ ఉద్దేశం కాదు. యాగం మనసులోని భయాన్ని తీర్చింది. మందు దేహానికి పట్టిన విషాన్ని విరిచింది. ఈ రెండింటినీ ఒకదాని స్థానంలో మరొకటి వాడినప్పుడే ప్రమాదం.

దేశంలో పాముకాటుకు గురై మరణిస్తున్నవారు ఏటా సుమారు 58,000 మంది అని 2020లో వెలువడిన ఒక అధ్యయనం అంచనా వేసింది. 2000 నుంచి 2019 వరకు ఇరవై ఏళ్లలో ఆ సంఖ్య 12 లక్షలు. ఇవన్నీ దాదాపు పల్లెల్లో, ఎక్కువగా వానకాలంలో జరిగిన మరణాలు. ఆసుపత్రి గడప తొక్కకుండానే పోయినవారే అత్యధికులు. ఎందుకు తొక్కలేదన్న ప్రశ్నకు దూరం, పేదరికం కొంత కారణం. మరికొంత కారణం మన దేహం ఎలా పనిచేస్తుందో మనకు తెలియకపోవడం. కాటు పడిన తరువాత లోపల ఏ అవయవం ఏమవుతుందో ఎరిగినవాడు మంత్రగాని గుమ్మం ముందు ఒక్క గంటైనా పోగొట్టుకోడు.

ఇంద్రియాల కలహం

ఛాందోగ్యోపనిషత్తులో ఒక కథ ఉంది. ఇంద్రియాలన్నీ మాలో ఎవరు గొప్ప అని తగవులాడుకుని ప్రజాపతి దగ్గరకు వెళ్లాయి. ఎవరు వెళ్లిపోతే ఈ శరీరం అన్నిటికంటె హీనంగా కనిపిస్తుందో వారే శ్రేష్ఠులని ఆయన తీర్పు చెప్పాడు. ముందుగా వాక్కు వెళ్లి ఏడాది తరువాత తిరిగి వచ్చింది. మనిషి మూగవానిలా బ్రతికే ఉన్నాడు. కన్ను వెళ్లింది, గుడ్డివానిలా బ్రతికాడు. చెవి వెళ్లింది, చెవిటివానిలా బ్రతికాడు. మనస్సు వెళ్లింది, పసిబిడ్డలా బ్రతికాడు. చివరకు ప్రాణం బయలుదేరబోయింది. మేలుజాతి గుర్రం తనను కట్టిన మేకులన్నిటినీ పెళ్లగించుకుపోయినట్లు, ప్రాణంతోపాటు తక్కిన ఇంద్రియాలన్నీ ఊడిపోసాగాయి. అప్పుడవి ప్రాణానికి మొక్కి, నీవే శ్రేష్ఠుడవు, వెళ్లవద్దని వేడుకున్నాయి.

నాగుపాము, కట్లపాము కాటేసినప్పుడు దేహంలో జరిగేది దాదాపు ఈ కథే. ముందుగా కనురెప్పలు వాలతాయి. ఎదుటి వస్తువు రెండుగా కనిపిస్తుంది. తరువాత మాట ముద్దగా వస్తుంది. గుటక పడదు, ఉమ్మి మింగలేరు. మెడ నిలవదు. ఆ తరువాత శ్వాస. కన్ను, వాక్కు, చివరికి ప్రాణం! ఋషి చెప్పిన వరుసకూ వైద్యుడు చూసే వరుసకూ ఉన్న పోలిక ఒళ్లు జలదరింపజేస్తుంది.

దీని వెనుక ఉన్న దేహధర్మం ఇది. మన మెదడు బరువు సుమారు 1,300 నుంచి 1,400 గ్రాములు. శరీరపు బరువులో అది రెండు శాతమే అయినా మనం పీల్చే ప్రాణవాయువులో ఐదవ వంతును అదే వినియోగిస్తుంది. దాని ఆజ్ఞలను దేహమంతటికీ చేరవేసే తాడు వెన్నెముక నడుమ ఉంది. తెలుగువాడు దానికి పెట్టిన పేరు 'వెన్నుపాము'. యోగశాస్త్రం కుండలినిని మూలాధారంలో చుట్టచుట్టుకున్న సర్పంగా భావించడమూ, షణ్ముఖుడు నాగరూపంలో పూజలందుకోవడమూ, ఈ పేరూ ఒకే ఊహకు చెందినవి. వెన్నుపాము నుంచి 31 జతల నాడులు పుట్టి కండరాలను చేరతాయి. నాడి కొస కండరాన్ని తాకే చోట సన్నని సందు ఉంటుంది. ఆజ్ఞ ఆ సందును ఒక రసాయనం రూపంలో దాటుతుంది. నాగుపాము విషం ఆ రసాయనం చేరవలసిన గూళ్లను మూసివేస్తుంది. కట్లపాము విషం నాడి కొసనే దెబ్బతీస్తుంది. అంటే మెదడు ఆజ్ఞ ఇస్తూనే ఉంటుంది, కండరానికి అది అందదు. కనురెప్పలు, కనుగుడ్లను కదిపే చిన్న కండరాలు ముందుగా లొంగిపోతాయి. ఛాతీని ఆడించే పెద్ద కండరాలు కొంతసేపు పోరాడి అలసిపోతాయి.

తిత్తులు ఆడించేదెవరు?

'ఊపిరితిత్తులు' అన్న మాటను పుట్టించిన పూర్వుడు ఎంత సునిశితంగా చూశాడో! కమ్మరి కొలిమి దగ్గర తిత్తి తనంతట తాను ఆడదు, ఆడించే చేయి ఉండాలి. ఊపిరితిత్తులకూ సొంతంగా కదిలే కండరం లేదు. పక్కటెముకల నడుమ ఉన్న కండరాలు, ఛాతీకీ కడుపుకూ మధ్య గొడుగులా పరచుకున్న ఉదరవితానం కలిసి నిమిషానికి పన్నెండు నుంచి పదహారు సార్లు వాటిని ఆడిస్తాయి. లోపల దాదాపు 30 కోట్ల సన్నని గాలిబుడగల గోడల మీద నెత్తురు ప్రాణవాయువును పుచ్చుకుని బొగ్గుపులుసు వాయువును వదులుతుంది. విషం ఉదరవితానాన్ని కదలకుండా చేసిందంటే తిత్తులు ఎంత ఆరోగ్యంగా ఉన్నా ఆడించే చేయి లేనట్లే. ప్రాణవాయువు అందకపోతే నాలుగైదు నిమిషాల్లోనే మెదడుకు చేటు మొదలవుతుంది.

ఇంత జరుగుతున్నా గుండె కొట్టుకుంటూనే ఉంటుంది. ఇది అందరూ తెలుసుకోవలసిన విషయం. గుండె కండరం తక్కిన కండరాల వంటిది కాదు. కుడి కర్ణిక గోడలో ఉన్న చిన్న కణసమూహం తనంతట తాను నిమిషానికి సుమారు డెబ్బయి సార్లు తాళం వేస్తుంది. నాడులు ఆ తాళాన్ని పెంచగలవు, తగ్గించగలవు. పుట్టించేది మాత్రం గుండే. మూడు వందల గ్రాముల ఈ పిడికెడు కండ రోజుకు లక్ష సార్లు ముడుచుకుని నిమిషానికి ఐదు లీటర్ల నెత్తురును పంపుతుంది. నారాయణ సూక్తం హృదయాన్ని తలకిందులుగా వేలాడే తామరమొగ్గతో పోల్చింది. శరీరశాస్త్ర గ్రంథాలు చూపే గుండె బొమ్మ కూడా, వెడల్పు భాగం పైకి, మొన కిందికి ఉండి, ఆ మొగ్గనే గుర్తుచేస్తుంది. గర్భోపనిషత్తు మరొక అడుగు వేసి హృదయం బరువు ఎనిమిది పలాలని లెక్క చెప్పింది. నలభై పలాల వీశె 1,400 గ్రాములన్న మన బజారు లెక్క ప్రకారం అది 280 గ్రాములు! పలం కొలత దేశకాలాలను బట్టి మారుతుంది కనుక ఈ లెక్కను మరీ పట్టుకోనక్కరలేదు. అదే ఉపనిషత్తు చెప్పిన 360 ఎముకలు నేటి లెక్కలో పెద్దవారికి 206 మాత్రమే. ఋషులు చెప్పినదంతా నేటి శాస్త్రమేనని సాధించబోవడం వారికి గౌరవం తెచ్చే పని కాదు.

ఉపనిషత్తు కథకూ కాటు గతికీ ఒక తేడా ఉంది. కథలో మనస్సు ప్రాణం కంటె ముందే వెళ్లిపోయింది. ఈ కాటులో మనస్సు ఉండిపోతుంది. ఈ విషాలు మెదడులోకి తేలికగా చొరబడవు. శ్వాస తగినంత అందుతున్నంతసేపు రోగి అన్నీ వింటాడు, అన్నీ తెలుస్తాయి. కన్ను తెరవలేడు, వేలు కదపలేడు, పలుకలేడు. చుట్టూ చేరినవారు ప్రాణం పోయిందని ఏడుస్తుంటే వింటూ పడి ఉంటాడు. కోలుకున్న తరువాత ఆ మాటలను తిరిగి చెప్పినవారు ఉన్నారన్నది వైద్యులు ఎరిగిన సంగతే. కృత్రిమ శ్వాస అందిస్తే, తిత్తులను ఆడించే పనిని కొన్ని గంటలో కొన్ని రోజులో యంత్రం చేసిపెడితే, ఈ మనిషి లేచి తన కాళ్లతో ఇంటికి నడిచివస్తాడు. ఉపనిషత్తులోని ఇంద్రియాల వలె వెళ్లిన వాక్కు, చూపు ఒక్కొక్కటిగా తిరిగి వస్తాయి. అందుకే పాము కరిచినవాడు కదలడం లేదని, కన్ను తెరవడం లేదని ఆశ వదులుకోరాదు.

కట్లపాము విషయంలో మరీ జాగ్రత్త అవసరం. రాత్రివేళ నేల మీద పడుకున్నవారిని కరుస్తుంది. కోరలు చిన్నవి, నొప్పి ఉండదు, వాపు ఉండదు. తెల్లవారుజామున కడుపునొప్పితో లేచినవాడు అజీర్తి అనుకుంటాడు. అప్పటికే రెప్పలు వాలుతుంటాయి.

నెత్తురు కాలువలు, మురుగు కాలువలు

రక్తపింజర దారి వేరు. దానిని అర్థం చేసుకోవడానికి కృష్ణా డెల్టావాసికి దూరం వెళ్లనక్కరలేదు, తన కాలువను తలచుకుంటే చాలు. 1855లో విజయవాడ వద్ద ఆనకట్ట కట్టినప్పటి నుంచీ, 1957లో దాని చోట ప్రకాశం బ్యారేజి వచ్చిన తరువాతా, ఈ నేల అంతా పెద్ద కాలువల నుంచి చిన్న బోదెల దాకా నీటి దారులతో అల్లుకుపోయింది. పులిగడ్డ దగ్గర కాలువ అక్విడక్టు మీదుగా కృష్ణ పాయనే దాటి దివిసీమకు నీరు మోస్తుంది. గట్టుకు గండి పడితే రైతు మట్టి వేసి పూడుస్తాడు. మన నెత్తురు తన గండిని తానే పూడ్చుకుంటుంది. చర్మం తెగిన చోట గడ్డకట్టి కారడం ఆగిపోతుంది. అందుకు కావలసిన మాంసకృత్తులను సిద్ధం చేసి పెట్టేది కాలేయం. కడుపులో కుడివైపు పక్కటెముకల కింద ఒదిగి, సుమారు కిలోన్నర బరువుండే ఈ అవయవం పైత్యరసాన్ని స్రవిస్తుంది, తిన్న అన్నపు సారాన్ని దాచి అవసరానికి విడుదల చేస్తుంది, మలినాలను విరుస్తుంది. ఇన్ని పనుల నడుమ నెత్తురు గడ్డకట్టించే సరుకును కూడా అదే తయారుచేస్తుంది.

రక్తపింజర విషం ఆ సరుకునంతటినీ ఒక్కసారిగా ఖర్చు చేయిస్తుంది. నాళాల్లో అక్కరలేని చోట సన్నని గడ్డలు కట్టి, అక్కరకు వచ్చేసరికి నెత్తురులో ఏమీ మిగలదు. చిగుళ్ల నుంచి, కాటు గాయం నుంచి, మూత్రంలో నెత్తురు పోతుంది. దీనిని గుర్తించడానికి వైద్యులు చేసే పరీక్ష చాలా తేలికైనది. శుభ్రమైన గాజు గొట్టంలో రెండు మిల్లీలీటర్ల నెత్తురు తీసి ఇరవై నిమిషాలు కదపకుండా ఉంచి వంచి చూస్తారు. గడ్డకట్టక జారిపోయిందంటే విషం ఎక్కినట్లే. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనైనా చేయదగిన పరీక్ష ఇది.

ఆ తరువాత దెబ్బ మూత్రపిండాల మీద పడుతుంది. డెల్టా రైతుకు మంచినీటి కాలువ ఎంత ముఖ్యమో మురుగు కాలువ అంత ముఖ్యం. మురుగు పూడితే చేను కుళ్లిపోతుంది. నడుముకు ఇరువైపులా చిక్కుడు గింజల వలె ఉండే మూత్రపిండాలు ఒక్కొక్కటి 150 గ్రాముల లోపే. ఒక్కొక్కదానిలో దాదాపు పది లక్షల వడపోత గొట్టాలు. రెండూ కలిసి రోజుకు 180 లీటర్ల ద్రవాన్ని వడగట్టి, అందులో పనికివచ్చే నీటిని, లవణాలను, చక్కెరను తిరిగి నెత్తురుకే అప్పగించి, లీటరున్నరను మాత్రమే బయటికి పంపుతాయి. వదలవలసినది ఏదో, నిలుపుకోవలసినది ఏదో ఇంత కచ్చితంగా తేల్చే విచక్షణ మన బుద్ధికి ఉంటే ఎంత బాగుండును! విషం వల్ల రక్తపోటు పడిపోయినా, వడపోత నాళాలు పూడినా మూత్రం తగ్గి, ఆగిపోతుంది. అప్పుడు డయాలసిస్ చేయించి నిలబెట్టవలసి ఉంటుంది. కాటు నుంచి బ్రతికి బయటపడి కూడా మూత్రపిండాల వ్యాధితో మిగిలిపోయేవారు ఉన్నారు. ఆలస్యానికి చెల్లించే మూల్యం అది.

సుశ్రుతుడు చూసిన దేహం

ఈ విషయాలు మన పూర్వులు పట్టించుకోనివి కావు. సుశ్రుత సంహిత శారీరస్థానంలో, దేహాన్ని కంటితో చూసి, శాస్త్రంతో సరిచూసుకున్నవానికే జ్ఞానం పెంపొందుతుందని చెబుతూ ఆచార్యుడు ఒక పద్ధతి వివరించాడు. మృతదేహాన్ని గడ్డితో చుట్టి, బోనులో ఉంచి, ప్రవహించే నీటిలో ఏడు రాత్రులు నానబెట్టాలి. తరువాత కుంచెతో మెల్లగా రుద్దుతూ చర్మం మొదలు లోపలి అవయవాల దాకా ఒక్కొక్క పొరను పరిశీలించాలి. అదే గ్రంథపు కల్పస్థానంలో విషచికిత్స ఉంది. పడగ విప్పేవి దర్వీకరాలని, ఒంటి మీద మండలాలు ఉండేవి మండలులని, చారలు ఉండేవి రాజిమంతాలని పాములను విభజించి, మొదటి వాటి విషం వాతాన్ని, రెండవ వాటిది పిత్తాన్ని, మూడవ వాటిది కఫాన్ని ప్రకోపింపజేస్తుందని చెప్పాడు. కదలికకు అధిపతి వాతం. పడగపాము కదలికనే హరిస్తుంది. పిత్తానికి రక్తంతో, తాపంతో సంబంధం. మండలాల మేను గల రక్తపింజర నెత్తురునే చెడగొడుతుంది. పరిభాష వేరైనా పరిశీలన ఎంత నిశితమైనదో చూడండి.

ప్రశ్నోపనిషత్తు ప్రాణాన్ని రాజుతో పోల్చింది. రాజు గ్రామగ్రామానికి అధికారులను నియమించినట్లు, ముఖ్యప్రాణం తక్కిన ప్రాణాలను ఆయా తావుల్లో నియమించిందట. హృదయంలో ప్రాణం, గుదస్థానంలో అపానం, నాభిలో సమానం, కంఠంలో ఉదానం, ఒళ్లంతటా వ్యానం అని సంప్రదాయం. భోజనానికి ముందు పరిషేచన చేసి ఐదు ప్రాణాహుతులు తీసుకునేది వీరికోసమే. అన్నం ముట్టేముందు లోపలి అవయవాలకు నమస్కరించే ఆచారం ఉన్న జాతి మనది. ఆ అవయవాల పనిని తెలుసుకోవడం కూడా ఆ నమస్కారంలో భాగమే కదా!

కాలు మోపేముందు

నాగులచవితినాడు పుట్టలో పాలు పోస్తూ స్త్రీలు పాడుకునే పాటలో, తెలియక కాలు మోపితే మన్నించమని నాగన్నను వేడుకోవడం కనిపిస్తుంది. కాట్లలో అధికభాగం పాదాల మీద, పిక్కల మీదే పడుతున్నాయని నేటి వైద్యులు చెబుతున్నారు. తప్పు పాముది కాదని, మన కాలు దాని మీద పడిందని ఆ పాట ఎప్పుడో ఒప్పుకుంది. ధాన్యాన్ని ఆశించి ఎలుక వస్తుంది, ఎలుకను ఆశించి పాము వస్తుంది. చేనుకు కాపలాదారు అదే. పొలానికి వెళ్లేవాడు కాళ్లకు బూట్లు తొడుక్కుని, చేతికర్రతో నేలను తాటిస్తూ నడిస్తే, నేల అదురును వినే ఆ జీవి తప్పుకుంటుంది. రాత్రి టార్చిలైటు, నేలకు బదులు మంచం, చుట్టూ దోపిన దోమతెర... ఇవి కట్లపామును దూరం పెడతాయి.

ఒకవేళ కాటు పడితే ఏమి చేయాలో కూడా దేహధర్మమే చెబుతుంది. కోర దిగిన విషం ఎక్కువ భాగం చర్మం కింద శోషరసపు సన్నని దారుల వెంట పైకి పోతుంది. ఆ రసానికి గుండె వంటి పంపు లేదు. కండరం కదిలినప్పుడల్లా అది ముందుకు సాగుతుంది. కనుక పరుగెత్తడం, నడవడం విషాన్ని మోసుకుపోవడమే. ఎముక విరిగినప్పుడు కట్టినట్లు చెక్కబద్దలతో కాలిని కదలకుండా కట్టి, మనిషిని పడుకోబెట్టి తీసుకువెళ్లాలి. వాపు రాకముందే మెట్టెలు, కడియాలు, ఉంగరాలు తీసివేయాలి. తాడు బిగించి కడితే నెత్తురు అందక కాలే చెడుతుంది. కోసి నోటితో పీల్చితే విషం రాదు, రక్తం ఆగదు. పామును వెదికి చంపడానికి పోయే సమయం రోగి ఆయుష్షులోనిది.

మంత్రంతో బ్రతికినవారు ఉన్నారు కదా అని అడుగుతారు. ఉన్నారు. కరిచేవాటిలో విషం లేని పాములు ఎక్కువ. విషపు పాము కూడా ఒక్కోసారి విషం విడవకుండానే కాటు వేస్తుంది. అటువంటివారు మంత్రం వేసినా బ్రతుకుతారు, వేయకపోయినా బ్రతుకుతారు. విషం ఎక్కినవానికి విరుగుడు ఒక్కటే. కొద్దికొద్దిగా విషం ఎక్కించి అలవాటుపడిన గుర్రాల నెత్తురు నుంచి తీసే ఆ మందు నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర అనే నాలుగింటి విషానికీ పనిచేస్తుంది. ప్రాణాన్ని గుర్రంతో పోల్చిన ఋషికి ఈ సంగతి చెబితే ఏమనేవాడో! ఎంత త్వరగా ఇస్తే అంత మేలు. 108 వాహనం 2005 నుంచి మన పల్లెలకు వస్తోంది. అవనిగడ్డలో, గుడివాడలో ప్రభుత్వ ఆసుపత్రులున్నాయి. బందరులో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాల వచ్చింది. దేశంలో పాముకాటు మరణాలను 2030 నాటికి సగానికి తగ్గించాలని 2024లో కేంద్రం కార్యాచరణ ప్రణాళిక ప్రకటించింది.

మోపిదేవి క్షేత్రం విజయవాడకు సుమారు 70 కిలోమీటర్లు, మచిలీపట్నానికి సుమారు 35 కిలోమీటర్ల దూరంలో ఉంది. కార్తీక శుద్ధ చవితినాడు, మార్గశిర మాసంలో సుబ్రహ్మణ్య షష్ఠినాడు భక్తజనం అధికం. ఆ రెండు పర్వదినాల నడుమ డెల్టాలో కొడవళ్లు, కోత యంత్రాలు చేలలోకి దిగుతాయి. కుప్పల కింద ఎలుకలు చేరతాయి, వాటి వెనుక పాములూ చేరతాయి. కోతలకు దిగే ముందు దగ్గరి ఆసుపత్రిలో విరుగుడు మందు ఉన్నదో లేదో ఊరిపెద్దలు ఒకసారి అడిగి తెలుసుకోవలసిన రోజులవి.